తరుగు లేని తూకం

ముప్ఫై ఎనిమిదేళ్లుగా నేను కాటా మనిషిని. బ్రీడ్‌లవ్‌లో ధాన్యం గిడ్డంగి ముందు లారీలు ఎక్కి దిగే ఇనుప కాటా ఉంది కదా, దాని పక్కన అద్దాల గదిలో కూర్చునేది నేనే. పేరు డోయల్ హాబ్‌గుడ్. గోధుమలతోనో జొన్నలతోనో లారీ వస్తుంది. నిండు బండి తూచి రాసుకుంటాను. సరుకు దించి వచ్చాక ఖాళీ బండి తూచి తీసేస్తాను. అక్కడితో అయిపోదు. గుప్పెడు గింజలు చిన్న కాటా మీద పెట్టి, తేమ ఎంతో చూసి తరుగు తీస్తాను, తాలుకు తరుగు, మట్టిపెళ్లలకు తరుగు. మిగిలిందే ధాన్యం. మా జిల్లాలో పసిపిల్లాడికి కూడా ఈ లెక్క తెలుసు. బండిని గోధుమ అనరు, మట్టిని జొన్న అనరు.

ఈ లెక్కనే నమ్మి మా అక్కను జైలుకు పంపాను.

మా ఊరు టెక్సస్‌లో ఆఖరి ఊరు. స్టేట్‌లైన్ రోడ్డు దాటితే న్యూమెక్సికో, అక్కడి ఊరు లీనియా. రెండు ఊళ్లకూ మధ్య ఆ ఒక్క రోడ్డే. అటు గడియారం మాకంటే గంట వెనక. గంజాయి సంగతిలో మాత్రం వాళ్లే ముందున్నారు. ట్రాక్టరు సామాన్లు అమ్మే పాత కొట్టు మూతపడితే దానికి ఊదారంగు వేసి గంజాయి దుకాణం పెట్టారు, లైసెన్సు గోడకు తగిలించి మరీ. దాని ముందు ఆగే బళ్లలో సగానికి మా టెక్సస్ నంబరు పలకలే. ఆదివారం చర్చిలో గంజాయి మీద ప్రసంగం విని తలలూపే మొహాలను సోమవారం ఆ దుకాణం ముందు నేను చూశాను. వాళ్ల పేర్లు రాయను, రాయాలని మాత్రం చాలా ఉంది.

నా భార్య నెల్డాకు తుంటి ఎముకలో మొదలైన క్యాన్సరు ఆ ఏడు వేసవికి వెన్నులోకి పాకింది. నూట నలభై పౌండ్ల మనిషి ఆగస్టుకు తొంభై రెండుకు వచ్చింది. ఊరందరి ధాన్యం తూచేవాణ్ని, ఇంట్లో మనిషి వారం వారం తరిగిపోతుంటే అంకెలు చూస్తూ కూర్చున్నాను. నొప్పి మాత్రలు వేస్తే వాంతులు, వేయకపోతే ఏడుపు. రెండు చెంచాల సూపు కూడా లోపల నిలిచేది కాదు.

చట్టప్రకారం దారి లేదని కాదు. మా రాష్ట్రంలో కూడా ఇలాంటి రోగులకు గంజాయి మందు రాసిచ్చే డాక్టర్లు ఉన్నారట. మా ఊరి డాక్టరు మాత్రం ఆ జాబితాలో లేడు. ఉన్నవాడు రెండు గంటల దూరంలో ఉన్నాడు. ఫోన్ చేస్తే నవంబరులో రమ్మన్నారు. అప్పటికి ఆగస్టు రెండో వారం. మంచం మీదనుంచి లేవలేని మనిషిని నవంబరులో రమ్మన్న ఆ గొంతు ఎంత తీయగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

మా అక్క ఒలీటా లీనియాలో ఉండేది. డెబ్బై ఒక్కేళ్లు. భర్త పోయి పన్నెండేళ్లయింది. అక్రోటు లాంటి పెకాన్ పప్పు వేసి ఆమె చేసే చాక్లెట్ కేకుకు జిల్లా సంతలో పదకొండుసార్లు మొదటి బహుమతి వచ్చింది. రెండు ఊళ్లలో ఎవరింట్లో జబ్బు చేసినా, బిడ్డ పుట్టినా, ఎవరు పోయినా మొదట గుమ్మం ఎక్కేది ఆమె ట్రేయే. మా దగ్గర ఆడవాళ్లంతా తమ ట్రేల అడుగున కాగితం టేపు అంటించి పేరు రాస్తారు, తిరిగి ఎవరిది వాళ్లకు చేరాలని. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ట్రే తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. నాలుగు గుడ్లో, గుప్పెడు టమాటాలో, ఏదో ఒకటి వేసివ్వాలి. ఖాళీ ట్రే ఇవ్వడమంటే నీతో నాకిక పని లేదని మొహం మీద చెప్పడమే.

ఆ శనివారం అక్క మా ఇంటికి వచ్చి నెల్డా దుప్పటి సర్దింది. తర్వాత వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరే డోయల్, ఆ ఊదారంగు కొట్టుకి నేను పోయొచ్చాను."

"నువ్వా?"

"నేనే. లోపల నన్ను చూసి మన పాస్టరు వదిన అల్మరా వెనక దాక్కుంది. ఆ సంగతి వదిలేయ్. కౌంటర్లో పిల్ల మంచిది. వెన్నలో సన్నసెగ మీద మరిగించి, ఆకు వడకట్టేసి, ఆ వెన్నతో కేకు చేస్తే కడుపులో నిలుస్తుందంది. కల్నల్ పెళ్లానికి అలాగే ఆకలి పుట్టిందట."

"ఏ కల్నల్?"

"నాకేం తెలుసు. దాని మాట. ఔన్సులో ఎనిమిదో వంతు కొన్నాను. నా పొయ్యి, నా ఊరు, అక్కడ చేసుకుంటే తప్పు లేదు. రోడ్డు దాటించడమే భయం. నువ్వు చదువుకున్నోడివి కదా, మీ టెక్సస్ వాళ్లు ఏమంటారో కనుక్కో."

పదో తరగతి తప్పినవాణ్ని. కాగితాలు, అంకెలు చూస్తాను కాబట్టి మా ఇంట్లో నేనే చదువుకున్నవాణ్ని. సోమవారం లైబ్రరీకి వెళ్లి శిక్షల పట్టిక అచ్చు తీయించుకున్నాను. రెండు ఔన్సుల లోపు గంజాయి ఉంటే చిన్న నేరం. ఆరు నెలల లోపు జైలు, జరిమానా. మొదటిసారైతే, అందులోనూ ముసలామె అయితే, జరిమానాతో పోతుందని లైబ్రరీ ఆవిడ అంది. అక్క కొన్నది మూడున్నర గ్రాములు. అది రెండు ఔన్సుల్లో పదహారో వంతే.

పట్టిక కింద ఇంకో పట్టిక ఉంది. చిన్న అక్షరాలు. ఆకు నుంచి తీసిన సారం, నూనె, వాటికి వేరే శిక్షలు. 'కలిపిన పదార్థాలతో సహా మొత్తం బరువు' అని ఒక మాట. నేను దాన్ని చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. అది ఫ్యాక్టరీల్లో పీపాల్లో నూనె తీసేవాళ్లకు అనుకున్నాను. మా అక్కది వంటిల్లు. పైగా మొత్తం బరువు అంటే ఏమిటో నాకు ఒకడు చెప్పాలా? మొత్తం తూస్తారు, తరుగు తీస్తారు. లేకపోతే అదేం తూకం?

ఫోన్ చేసి అక్కకు చెప్పాను.

"పిండి, చక్కెర, గుడ్లు, పప్పు, అవన్నీ తరుగే అక్కా. లెక్కకొచ్చేది మూడున్నర గ్రాములు. మహా అయితే జరిమానా."

"నిజంగా?"

"తూకం సంగతి నాకు చెప్తావా?"

"నీకెందుకు చెప్తాను నాయనా," అని నవ్వింది. "జరిమానా అయితే నా గుడ్ల డబ్బులతో కడతాలే. నెల్డాకి చెప్పు, బుధవారం మధ్యాహ్నం తెస్తానని. పెద్ద ట్రే చేస్తున్నా, నెలరోజులొస్తుంది."

బుధవారం పొద్దున నెల్డా జుట్టు దువ్వించుకుంది. చాన్నాళ్ల తర్వాత అద్దం అడిగింది.

"వదిన కేకంటే వాసనకే సగం తిన్నట్టుంటుంది," అంది. "ఇవాళ్టికి సూపు చేయకు."

తర్వాత జరిగింది నేను చూడలేదు, అక్కే చెప్పింది. ఆమె పాత పికప్ బండికి వెనక దీపం ఒకటి వెలగదు. రోడ్డు దాటిన రెండు వీధులకు పోలీసు డిప్యూటీ రాండల్ పెనిక్ ఆపాడు. వీడు పరాయివాడేం కాదు. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచీ అక్క కేకులు తిని పెరిగినవాడే. దీపం మార్పించుకోండని చెప్పి పంపించేసేవాడు. అద్దాలు దించి ఉన్నాయి, ఆగస్టు ఎండ, పక్క సీట్లో ట్రే. వాడి కళ్లు దాని మీద పడ్డాయి.

"మిస్ ఒలీటా, నా భోజనం ఇంకా కాలేదు. ఆ వాసన నన్ను చంపేస్తోంది," అని ట్రే మీద కప్పిన అల్యూమినియం రేకు కొస ఎత్తి చెయ్యి లోపలికి పెట్టబోయాడు.

అక్క వాడి చేతి మీద ఒక్కటేసింది.

"నీకు కాదు."

మా ఊళ్లో కేకు ఎవరూ ఎవరికీ కాదనరు. పాలివాడికి కూడా పెడతారు, పగవాడికి కూడా పెడతారు. డెబ్బై ఏళ్లలో మా అక్క ఒక ముక్క కాదనడం అదే మొదటిసారి. తిననిస్తే వాడు ఆ మైకంలో తుపాకీ నడుముకు పెట్టుకుని ఊళ్లో బండి నడుపుతాడు. అందుకని కాదంది. వాడు చెయ్యి నిమురుకుంటూ ఆమె మొహం వంక చూశాడు.

"ఎందుకు కాదు, మామ్?"

అప్పుడైనా ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. లెక్క పెట్టి చేశాను, చర్చి వేలానికి అంటే వదిలేసేవాడు. కానీ ఆమె దగ్గర నా మాట ఉంది కదా, మహా అయితే జరిమానా అని. అందుకని ఉన్నదున్నట్టు చెప్పింది.

"అందులో గంజాయి వెన్న ఉంది రాండల్. మూడున్నర గ్రాములు. జరిమానా రాసిచ్చెయ్, కడతాను."

నాలుగు గంటలకు రాండల్ నా గదికి వచ్చాడు. చేతిలో ట్రే. నేను చూడగానే గుర్తుపట్టాను, ఆ మూల సొట్ట నేను చిన్నప్పుడు పెట్టిందే. వాడు దాన్ని బల్ల మీద పెట్టి టోపీ తీశాడు.

"మిస్టర్ డోయల్, ఇది మీ దగ్గరికి తేవడం నాకేం సరదా కాదు. మా తూకం మిషను మీదున్న తనిఖీ ముద్ర గడువు దాటిపోయింది. ల్యాబుకి పంపేలోపు కాగితం మీద ఒక తూకం ఉండాలి. జిల్లాలో ముద్ర ఉన్న చిన్న కాటా మీదొక్కటే."

"మా అక్క ఎక్కడ?"

"కోర్టు వెనకాల. నీళ్లు, ఫ్యాను అన్నీ చూశాను."

"జరిమానా ఎంత?"

వాడు నేల చూశాడు. అంతలో నడుముకున్న రేడియో గరగరమంది. మాట సరిగా వినపడక బయటికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

నేనూ, ట్రే. రేకు ఎత్తాను. ఎనిమిది వరసలు, ఆరేసి ముక్కలు, నలభై ఎనిమిది. గీత గీసినట్టు కోసింది మహాతల్లి. రాండల్ చెయ్యి పెట్టబోయిన కుదుపుకేమో ఒక ముక్క పైకి లేచి అంచు మీద పడి ఉంది. దాన్ని వేలితో లోపలికి నెట్టి, వరసలో సర్ది, రేకు మూశాను. రాండల్ తిరిగొచ్చేసరికి ట్రే కాటా మీద ఉంది.

మొత్తం వెయ్యిన్ని ఏడు వందల అరవై రెండు గ్రాములు. రాశాను. అలవాటు కొద్దీ చెయ్యి ఆగింది.

"ఖాళీ ట్రే తూకం తీయాలి," అన్నాను.

"తీయాలి మరి. ట్రేని కూడా కలిపితే అన్యాయం కదా," అన్నాడు వాడు. చాలా చిత్తశుద్ధితో అన్నాడు.

కేకు సాక్ష్యం సంచిలోకి మార్చాడు. ఖాళీ ట్రే ఆరు వందల పది. మిగిలింది వెయ్యిన్ని నూట యాభై రెండు. ట్రే తిరగేస్తే అడుగున కాగితం టేపు మీద గుండ్రటి అక్షరాలు, ఒలీటా టీగ్, లీనియా. రాండల్ దాన్ని ఫోటో తీసుకున్నాడు.

"ఇక పిండి, చక్కెర తరుగు ఎలా తీస్తారు? ల్యాబులోనా?"

"తీయరు, మిస్టర్ డోయల్."

"గుడ్లు? ఆ పప్పు మా పెరట్లో పప్పు. నెల్డా చెట్టుది."

"మొత్తం అదే అంటుంది చట్టం. అంతా మత్తుమందు కిందికే వస్తుంది. నాలుగు వందల గ్రాములు దాటితే..." వాడు టోపీ పెట్టుకున్నాడు. "ఐదేళ్ల నుంచి తొంభై తొమ్మిది."

చీటీ మీద సంతకం నాదే. పెట్టకపోతే ఇంకెక్కడో తూచేవాళ్లు, నిజమే. కానీ పెట్టింది నేను. పదిహేను రోజులకు ల్యాబు కాగితం వచ్చింది, నా తూకానికీ వాళ్ల తూకానికీ ఒక్క గ్రామే తేడా. ఆ మాట వినగానే, సిగ్గులేకుండా, లోపల ఎక్కడో సంతోషించాను.

ఆ సాయంత్రం నెల్డా అడిగింది.

"వదిన వచ్చిందా?"

"పొయ్యి చెడిపోయిందట," అన్నాను. ఆమె అద్దం నాకు తిరిగిచ్చేసింది. మర్నాటికల్లా చర్చి ఆడవాళ్లు వచ్చి ఓదార్పుతో పాటు అసలు సంగతి కూడా మోసుకొచ్చారు. నెల్డా గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెకు ఏడవడం కూడా నొప్పిగానే ఉండేది.

మూడో రోజు అక్కకు బెయిలు దొరికింది. కోర్టు వాయిదాలకు తప్ప టెక్సస్‌లో కాలు పెట్టకూడదని షరతు. నేను రోడ్డు దాటి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది.

"నేను చెప్తాను అక్కా. కేకు మా కోసం, జరిమానాయేనని చెప్పింది నేను. పొద్దున్నే వెళ్లి షెరిఫ్‌కి చెప్తాను."

"చెప్పి?"

"నీ మీద కొంచెం తగ్గుతుంది."

"తగ్గుతుందని ఎవడు చెప్పాడు? ఇది కూడా నీ లెక్కేనా?" అంది. తర్వాత తనే మెత్తబడింది. "నిన్ను కూడా పట్టుకుపోతే నెల్డాని పక్క తిప్పేదెవరురా? నోరు మూసుకుని ఇంటికి పో."

ఆమె నన్ను తిట్టిందల్లా ఆ ఒక్క ముక్కే. నిలబెట్టి నాలుగు తిడితే బావుండునని నెలల తరబడి అనుకున్నాను.

కోర్టు పెట్టిన లాయరమ్మ పేరు మారిబెల్ ఒంటివెరోస్. ఒక్కరోజులో ముప్ఫై కేసులు చూసే మనిషి. అయినా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. నేను జేబులో పట్టిక తీసి ముందు పెట్టాను. ఆమె దాన్ని ఒకసారి చూసి మడిచి నాకే ఇచ్చింది.

"ఆకుని ఆకులాగే జేబులో వేసుకొచ్చుంటే మీరు చదివిన లెక్కే, సర్. వెన్నలో మరిగించి ఆకు వడకట్టేశారు. ఆ క్షణంలో అది గంజాయి కాకుండా పోయింది, సారమైంది. సారానికి పట్టిక వేరు. దాన్ని కేకులో కలిపారు, కేకంతా సారమైంది."

"వండటం వల్లా?"

"వండటం వల్ల."

"అయితే ఇంకోటి చెప్తాను రాసుకోండి. అది ఆమె కోసం కాదు. నా భార్య చావు బతుకుల్లో ఉంది, ఆమె కోసం చేసింది. జడ్జి మనిషే కదా."

లాయరమ్మ కలం కింద పెట్టేసింది.

"మిస్టర్ హాబ్‌గుడ్, ఈ మాట బయట ఎవరితోనైనా అన్నారా?"

"లేదు."

"అనకండి. ఆవిడ తన కోసం చేసుకుంటే అది దగ్గర ఉంచుకోవడం. ఐదేళ్ల నుంచి మొదలు. ఇంకొకరికి ఇవ్వడానికి తెస్తే అది సరఫరా. పదేళ్ల నుంచి మొదలు."

"రోగికిచ్చినా?"

"చట్టంలో రోగి లేదు సర్. ఇంకొకరు, అంతే."

పట్టికను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. తనే తింటే తక్కువ పాపం, బాధలో ఉన్నదానికి పెడితే ఎక్కువ పాపం. రెండు వేల ఏళ్లుగా చర్చిలో మేము విన్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే జిల్లా అటార్నీ కూడా అదే చర్చిలో మూడో వరస బెంచీలో కూర్చుంటాడు.

అక్టోబరులో ఒప్పందం కుదిరింది. నేరం ఒప్పుకుంటే పదేళ్లు కోర్టు పరిశీలన కింద ఉండాలి, అందులో మొదటి నూట ఎనభై రోజులు జిల్లా జైల్లో. ఎక్కడైనా తప్పితే తొంభై తొమ్మిదేళ్ల శిక్ష వరకూ తలుపు తెరిచే ఉంటుంది. ముసలామె మీద దయ చూపామని అటార్నీ పేపరుకు చెప్పాడు. పదేళ్లయ్యేసరికి ఆమెకు ఎనభై ఒకటి.

కోర్టులో సగం మంది ఆమె కేకు తిన్నవాళ్లే. కోర్టులో మాటలు రాసుకునే పిల్ల పెళ్లికి కూడా కేకు ఆమెదే. జడ్జి కళ్లద్దాలు పైకి తోసుకుని కాగితం చూశాడు.

"నలభై ఎనిమిది ముక్కలు. ఇవన్నీ మీ సొంతానికేనా, మిసెస్ టీగ్?"

"నాకే, యువరానర్."

"అన్నీనా?"

"నాకు తీపి ఇష్టం."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికని చెప్పినట్టుంది ఆ మాట. ఎవరూ నవ్వలేదు. అందరికీ తెలుసు ఆ ట్రే ఎటు పోతోందో, జడ్జికి కూడా తెలుసు. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నా బూట్ల వంక చూసుకున్నాను. పరవాలేదు, లాయరు చెప్పింది, నేను మాట్లాడకపోవడమే ఆమెకు మేలు. ఇంత సుఖమైన పిరికితనం ఎవరికి దొరుకుతుంది?

అక్క వెళ్లాక రోడ్డు దాటి వెళ్లి నేనే ఏదైనా తేవచ్చు. ఒక చాక్లెట్ బిళ్ల, జేబులో పట్టేది. మూడుసార్లు ఆ ఊదారంగు కొట్టు ముందు బండి ఆపి, మూడుసార్లు ఖాళీ చేతులతో తిరిగి వచ్చాను. నన్ను పట్టుకుంటే నెల్డాను చూసేవాళ్లు లేరని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. భయపడ్డానన్నది కూడా నిజమే.

నవంబరు మొదటి వారంలో నెల్డా డెబ్బై ఎనిమిది పౌండ్లు. ఒకరోజు మాట స్పష్టంగా వచ్చింది.

"వదిన ట్రే ఎక్కడుంది?"

"పోలీసుల దగ్గర."

"ఇస్తారా?"

"కేసు అయిపోయింది కదా, ఇస్తారు."

"ఇస్తే ఆమెకి చేర్చు. ఖాళీగా ఇవ్వకు." దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "నా కోసం పాపం ఎంత పెద్ద ట్రే చేసింది."

తర్వాతి గురువారం పోయింది. చివరి రెండు రోజులు నొప్పి తప్ప నెల్డా ఎక్కడా లేదు. సమాధి చేసిన నాలుగో రోజు ఆ దూరపు డాక్టరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, సోమవారం పదింటికి పేషెంటును తీసుకురమ్మని. అదే తీయటి గొంతు. పేషెంటు మంచం ఖాళీ చేసిందని చెప్పాను. కంగ్రాచ్యులేషన్స్ అంది ఆ పిల్ల, నయమైందనుకుంది.

సమాధికి అక్కను పంపలేదు. తమ్ముడి భార్య దగ్గరి బంధువుల జాబితాలో లేదట. జైలు కిటికీ నుంచి చర్చి గంట వినపడుతుంది. అది విన్నానని తర్వాత చెప్పింది.

ఆ వారం మా ఇంటికి పందొమ్మిది ట్రేలు వచ్చాయి. చలికాలమంతా వాటిని ఒక్కొక్కటీ తిరిగిచ్చాను. నెల్డా చెట్టు పెకాన్లు కొట్టి, ఒలిచి, ప్రతి ట్రేలో రెండేసి గుప్పెళ్లు వేశాను. పాస్టరు వదిన ట్రే కూడా ఇచ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీ అక్క కోసం రోజూ ప్రార్థిస్తున్నాం," అంది. లీనియాలో ఏ అల్మరా వెనక ప్రార్థిస్తున్నారని అడగబోయి మానుకున్నాను.

ఏప్రిల్లో అక్కను వదిలే ముందురోజు రాండల్ వచ్చి ట్రే ఇచ్చాడు. అడుగున ఆమె పేరు టేపు మీదే సాక్ష్యం నంబరు చీటీ అంటించారు. గోరుతో గీకాను, రాలేదు. మిగిలిన పప్పంతా, మంచి అరపప్పులు ఏరి, ట్రే నిండా పోశాను. పైన రేకు కప్పాను.

ఆ రోజు దుమ్ముగాలి. జైలు వెనక గేటు దగ్గర నిలబడ్డాను. అక్క ప్లాస్టిక్ సంచితో బయటికి వచ్చింది. చిక్కిపోయింది. చూడగానే తూకం వేశాను, నూట పదిహేను ఉంటుందేమో. నా బుద్ధి చెడిపోయింది, మనిషిని చూస్తే అంకె కనిపిస్తుంది. ట్రే ఇచ్చాను. రేకు ఎత్తి చూసింది.

"నెల్డా చెట్టువా?"

"అవే. ఖాళీగా ఇవ్వొద్దంది."

ఆమె ఒక పప్పు తీసి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక అంతా సర్దుకుంటుందనిపించింది.

"రాండల్ లోపల అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాడు," అంది. "పాపం వాడికీ నిద్ర పట్టట్లేదట. ఆ రోజు ట్రే నీ గదిలో పెట్టి రేడియోలో మాట్లాడ్డానికి బయటికెళ్లాడట కదా."

"వెళ్లాడు."

"ఎంతసేపు?"

"ఐదు నిమిషాలుంటుంది."

"నువ్వొక్కడివేనా?"

"నేనొక్కణ్నే."

గాలికి రేకు టపటప కొట్టుకుంటోంది. ఆమె దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకుంది.

"నెల్డాకి ఒక్క ముక్కన్నా తీశావా?"

అంచు మీద పడి ఉన్న ఆ ముక్క నా కళ్లముందే ఉంది. నా జేబుకూ దానికీ మధ్య జానెడు దూరం. ఆరు వీధుల అవతల జుట్టు దువ్వించుకుని ఎదురుచూస్తున్న మనిషి.

"తూకం తప్పేది, అక్కా."

"ఎంత తప్పేది?"

"ఇరవై నాలుగు గ్రాములు."

"దాంతో నా శిక్ష పెరిగేదా, తగ్గేదా?"

"రెండూ కాదు."

ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి నోరు తెరిచి, ట్రే వంచి, పప్పంతా అందులోకి జాగ్రత్తగా పోసుకుంది. ఒక్క బద్ద కూడా కింద పడనివ్వలేదు. ట్రే మూలలో ఇరుక్కున్న పొడిని కూడా వేలితో దులిపింది. తర్వాత ఆ ట్రేని నా చేతుల్లో పెట్టి, స్టేట్‌లైన్ రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయింది. బండి ఉంది అక్కా అన్నాను. వెనక్కి తిరగలేదు.

ఖాళీ ట్రే. ఆరు వందల పది గ్రాములు. తూచక్కర్లేదు, నాకు తెలుసు.